మలుపు దగ్గర ఆగిపోతున్న సైకిల్

పేరు వెల్లడించవద్దని కోరుతూ ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. ఆమెకు 43 ఏళ్ళు. ఆరేళ్ళ క్రితం సైకిల్ తొక్కడం మొదలుపెట్టారు. ఒక స్నేహితురాలితో కలిసి వారానికి నాలుగు రోజులు, పొద్దు పొడవక ముందే బయలుదేరి, చేల మధ్య నుంచి సాగే సన్నటి తారు రోడ్డు మీద 25 కిలోమీటర్లు తొక్కి రావడం ఆమెకు అలవాటు. "రోజు మొత్తంలో ఎవరికీ జవాబు చెప్పుకోనక్కరలేని గంటన్నర అదొక్కటే" అని ఆమె రాశారు. నాలుగు నెలల క్రితం, స్నేహితురాలు రాని ఒక రోజున, కల్వర్టు దాటాక వచ్చే దిగుడు మలుపులో ఒక అడవి పంది, దాని వెనుక వరుసగా నాలుగైదు పిల్లలు రోడ్డు దాటుతూ ఎదురయ్యాయి. ఆమె ఒక్కసారిగా బ్రేకులు నొక్కి, హ్యాండిల్ పక్కకు తిప్పి, రోడ్డు అంచున ఉన్న కంకర మీద జారి పడిపోయారు. కాలర్ బోన్ విరిగింది. ఎముక అతుక్కుందని, ఇక సైకిల్ తొక్కవచ్చునని డాక్టరు చెప్పి ఆరు వారాలైంది. అయినా ప్రతిసారీ ఆ కల్వర్టు దాకా వెళ్ళి, గుండె దడతో, అరచేతులు చెమటలు పట్టి, వెనక్కి తిరిగి వస్తున్నారు.

చుట్టూ ఉన్నవారు తలా ఒక మాట చెబుతున్నారు. జంతువులు తిరిగే రోడ్డు మనకెందుకంటూ భర్త ఇంట్లోనే నిలబెట్టి తొక్కే వ్యాయామ సైకిల్ కొని తెచ్చారు. ఇలాంటిది జన్మకొకసారి జరుగుతుందని, మలుపు దగ్గర ఇంకాస్త వేగం పెంచి దాటేస్తే సరిపోతుందని, కావాలంటే జేబులో నాలుగు రాళ్ళు పెట్టుకుందామని స్నేహితురాలు అంటున్నారు. 14 ఏళ్ళ కొడుకు, తోడు వస్తానని రోజూ అడుగుతున్నాడు. వాణ్ణి తీసుకువెళ్ళే ధైర్యం లేదు, కాదనే మనసూ రావడం లేదు.

ఉత్తరం చివరి పేజీలో ఆమె మరొక విషయం రాశారు. "నిజానికి పంది నా మీదికి రాలేదు. నేను పడ్డాక అది కొన్ని క్షణాలు అక్కడే నిలబడి, బుసకొట్టినట్టు ఒక చప్పుడు చేసి, పిల్లలన్నీ దాటాక అవతలి చేలోకి వెళ్ళిపోయింది. అప్పుడు నా చెవిలో ఇయర్‌ఫోన్ ఉంది. ఛార్జింగ్ అయిపోయి లైటు వెలగడం లేదు. ఎదురుగాలిగా ఉందని దిగుడులో కూడా తొక్కుతూనే ఉన్నాను. వేగం గంటకు 35 కిలోమీటర్లు ఉంటుంది. ఆస్పత్రిలో మా వారు 'మీద పడిందా?' అని అడిగితే అవునన్నాను." ఆ మాటను భర్త రైతులకు చెప్పారు. మొక్కజొన్న పంట పోతోందని అప్పటికే విసిగి ఉన్న రైతులు ఇప్పుడు కల్వర్టు దగ్గర తీగ ఉచ్చులు పెట్టారు. ఆ రోడ్డు మీదికి మళ్ళీ వెళ్ళాలా వద్దా, కొడుకును తీసుకువెళ్ళవచ్చునా, తన మాట వల్ల ఆ తల్లి పందికి ఏదైనా జరిగితే ఎలా అన్నవి ఆమె అడిగిన ప్రశ్నలు.

సమాధానం:

మీ ఉత్తరంలో నేను వెనక్కి వెళ్ళి రెండోసారి చదివిన వాక్యం, ఆస్పత్రిలో అవునన్నానని మీరు రాసిన వాక్యం. దాని కోసం మిమ్మల్ని నిలదీయాలన్న ఉద్దేశం నాకు లేదు. విరిగిన ఎముకతో మంచం మీద ఉన్న మనిషిని "మీద పడిందా?" అని ఆదుర్దాగా అడిగితే, వేగంగా వెళ్ళాను, లైటు లేదు, చెవిలో ఇయర్‌ఫోన్ ఉంది అని లెక్క అప్పజెప్పేవారు అరుదు. అయితే ఆ ఒక్క మాట తరువాత జరిగినవన్నీ దాని మీదే నిలబడి ఉన్నాయి కాబట్టి, సైకిల్ సంగతి తేలాలన్నా అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

మనిషి మీద దాడి చేసే జంతువు ఒకటి ఆ చేలలో తిరుగుతోందని నమ్మిన మనిషి ఇచ్చే సలహా మీ భర్త ఇస్తున్నారు. ఆ నమ్మకమే నిజమైతే ఆయన మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. స్నేహితురాలు చెబుతున్న వేగం, రాళ్ళు కూడా వెంటపడే జంతువును తప్పించుకోవడానికి తోచే ఉపాయాలే. రైతులు పెట్టిన ఉచ్చులూ అంతే. అందరూ కలిసి జరగని సంఘటనకు విరుగుడు వెతుకుతున్నారు. జరిగిన సంఘటన ఏమిటో తెలిసిన మనిషి మీరు ఒక్కరే. ఆ సంఘటనకు తగిన జాగ్రత్త ఏమిటని మిమ్మల్ని మీరు కూడా ఇంతవరకు అడగలేదని మీ ఉత్తరాన్ని బట్టి అనిపిస్తోంది.

కాబట్టి ఆ మలుపును ఒకసారి పంది వైపు నుంచి చూడండి. అడవి పందికి చూపు అంతంతమాత్రం. వాసన పసిగట్టడంలోను, వినడంలోను దానికి సాటి వచ్చే జంతువులు తక్కువ. మనుషుల అలికిడి ఉండే ప్రాంతాల్లో అది రాత్రిపూట మేతకు దిగి, వెలుగు వచ్చేసరికి పొదల్లోకి చేరుకుంటుంది. అంటే మీరు ఇంటి నుంచి బయలుదేరే వేళా, అది తన చోటికి తిరిగి వెళ్ళే వేళా ఒకటే. నడిచి వచ్చే మనుషుల అడుగుల చప్పుడూ మాటలూ దానికి చాలా ముందే అందుతాయి. ట్రాక్టరు సంగతి చెప్పనక్కరలేదు. సైకిల్ మాత్రం వాహనానికి ఉండే వేగంతో, దాదాపు ఏ చప్పుడూ లేకుండా వస్తుంది. పైగా ఆ రోజు మీకు ఎదురుగాలి. ఎదురుగాలిలో మన వాసన మన వెనక్కి పోతుందే గాని ముందున్న జంతువును చేరదు. మీరు వస్తున్నట్టు తెలియడానికి దానికి ఉన్న రెండు దారులూ మూసుకుపోయాయి. మీ చెవిలో ఇయర్‌ఫోన్ ఉంది, లైటు లేదు కాబట్టి, అది ఉన్నట్టు తెలియడానికి మీకున్న దారులూ మూసుకుపోయాయి. ఇద్దరు తల్లులు ఒకరికొకరు తెలియకుండా ఒకే మలుపులో హఠాత్తుగా ఎదురుపడ్డారని నేను అర్థం చేసుకున్నాను.

వేగం సంగతి లెక్క వేసి చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. గంటకు 35 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 10 మీటర్లు. రోడ్డు మీద ఏదో ఉందని గ్రహించి వేళ్ళు బ్రేకు మీదికి వెళ్ళడానికి ఒక సెకను పడుతుందనుకుంటే, బ్రేకు పడకముందే 10 మీటర్లు గడిచిపోతాయి. పొడి తారు మీద మంచి బ్రేకులతో ఆగడానికి ఇంకో 10 మీటర్లు కావాలి. అదే గంటకు 20 కిలోమీటర్ల వేగంతో ఉంటే, ఆ రెండూ కలిపి 9 మీటర్లు సరిపోతాయి. మలుపు అవతల మీకు కనిపించే దూరం ఎంతో మీకే తెలుసు. 20 మీటర్ల కన్నా తక్కువైతే, ఆ రోజు అక్కడ పందికి బదులు ఒక గొర్రెల మంద ఉన్నా, దారిలో కూర్చున్న పిల్లవాడు ఉన్నా, ఫలితం వేరుగా ఉండేది కాదు. ఇది రాయడం నాకు కష్టంగానే ఉంది, కానీ ఇందులో మీకు ఊరట కూడా ఉంది. పంది ఎప్పుడు రోడ్డు దాటాలో మీరు నిర్ణయించలేరు. వేగం, వెలుతురు, చప్పుడు ఈ మూడూ మీ చేతిలో ఉన్నవే.

ఇది మీ ఒక్కరి అనుభవం కాదు. 2016లో అమెరికాలోని మాంటానా రాష్ట్రంలో, గ్లేసియర్ జాతీయ ఉద్యానవనం దగ్గరి అటవీ బాట మీద సైకిల్‌పై వేగంగా వెళుతున్న ఒక అటవీశాఖ ఉద్యోగి మలుపులో గ్రిజ్లీ ఎలుగుబంటిని ఢీకొన్నారు. అది తిరగబడడంతో ఆయన ప్రాణాలు కోల్పోయారు. అడవి గురించి తెలిసిన మనిషికే అలా జరిగింది. ముందు చూపు సరిగా ఆనని చోట, చప్పుడు లేని వేగం ఆ జంతువుకూ ఆయనకూ తప్పుకునే వ్యవధి లేకుండా చేసింది. ఆస్ట్రేలియాలో ఏటా ఆగస్టు నుంచి అక్టోబరు దాకా, గూళ్ళు కట్టే కాలంలో, కొన్ని మగ మాగ్‌పై పక్షులు సైకిళ్ళ మీద వెళ్ళేవారి తలల మీదికి దూకుతాయి. ఆ కాలంలో గూడు ఉన్న చోట సైకిల్ దిగి నడిపించుకుంటూ వెళ్ళమని అక్కడి అధికారులు చెబుతారు. పంది, ఎలుగుబంటి, పక్షి మధ్య పోలికేమీ లేదు గాని, సైకిల్ మనిషిని హఠాత్తుగా ఊడిపడే వస్తువుగా మారుస్తుందన్న సంగతి మూడు చోట్లా కనిపిస్తుంది.

ఇంతమాత్రాన అడవి పంది సాధువైన జంతువని చెప్పడం లేదు. పిల్లలున్న తల్లికి దారి మూసుకుపోయిందనిపిస్తే, గాయపడిన పందికి తప్పించుకునే వీలు లేకపోతే, అవి మనిషిని పడగొట్టగలవు, కరవగలవు. మగ పంది కోరలు లోతైన గాయం చేస్తాయి. గంటకు 40 కిలోమీటర్ల దాకా పరుగెత్తగలిగే జంతువు అది. వేగం పెంచి దాటేయవచ్చునన్న మీ స్నేహితురాలి ఆలోచన ఇక్కడే దెబ్బతింటుంది. సైకిల్ ఆ వేగం అందుకునేలోపు అది అందుకుంటుంది. పైగా ఆ వేగమే మిమ్మల్ని పిల్లల గుంపు మధ్యకు తీసుకుపోతుంది. రాళ్ళ విషయంలో ఇంకా గట్టిగా చెబుతాను, అవి వద్దు. రాయి పడిన గుంపు చెల్లాచెదరైతే, తల్లి ఒక పక్కన, పిల్లలు మరో పక్కన, మధ్యలో మీరు ఉండే పరిస్థితి వస్తుంది. అంతకన్నా ప్రమాదకరమైన చోటు ఆ రోడ్డు మీద మరొకటి ఉండదు.

ఇక వెళ్ళాలా వద్దా అన్న ప్రశ్న. మీ ముందు నాలుగు దారులున్నాయి. ఏది ఎంచుకున్నా ఒకటి వదులుకోవలసి ఉంటుంది.

మీ భర్త కొన్న వ్యాయామ సైకిల్‌ను తేలికగా కొట్టిపారేయకండి. ఎముక అతుక్కున్న తరువాత కాళ్ళలోను, ఊపిరిలోను పట్టు తిరిగి తెచ్చుకోవడానికి అది చక్కగా పనికివస్తుంది. వాన రోజుల్లోనూ ఉంటుంది. కానీ దాన్నే శాశ్వతం చేసుకుంటే, ఎవరికీ జవాబు చెప్పుకోనక్కరలేదన్న ఆ గంటన్నర పోతుంది. ఇంట్లో తొక్కుతున్నంతసేపూ ఎవరో ఒకరు ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారని మీకు నేను చెప్పనక్కరలేదు. పైగా భయాన్ని తాకకుండా పక్కన పెడితే అది అక్కడే ఉండిపోతుంది, కొన్నాళ్ళకు మరో రోడ్డుకు కూడా పాకుతుంది. ఇష్టపడి ఆ సైకిల్‌కు మారడం వేరు, కల్వర్టు దాటలేక మారడం వేరు. మీరు ఏ కారణంతో మారుతున్నారో మీకు తెలిసి ఉండాలి.

రెండో దారి వేళ మార్చుకోవడం. సూర్యుడు బాగా పైకి వచ్చాక బయలుదేరితే పందులు, జింకలు, ముళ్ళపందులు వంటివి ఎదురయ్యే అవకాశం బాగా తగ్గుతుంది. వాటిలో చాలా జంతువులు మసక వెలుతురులో, రాత్రిపూట తిరిగేవి. మలుపులో కంకర ఎక్కడుందో కూడా మీకు కనిపిస్తుంది. అయితే ఆ వేళకు వాహనాలు పెరుగుతాయి, ఎండ పెరుగుతుంది, స్నేహితురాలికి ఆ సమయం కుదరకపోవచ్చు. జంతువు ప్రమాదాన్ని తగ్గించుకోబోయి లారీల ప్రమాదాన్ని పెంచుకుంటున్నారేమో, ఒక ఉదయం ఊరికే అక్కడ నిలబడి చూసి నిర్ణయించుకోండి.

మూడోది రోడ్డు మార్చడం. ఇరుపక్కలా నిలువెత్తు పంట లేని, మలుపులు తక్కువగా ఉన్న దారి దొరికితే మంచిదే. అయితే పంట కోత అయ్యాక మీ పాత రోడ్డు కూడా అలాంటిదే అవుతుంది. నిలబడిన మొక్కజొన్న పందులకు తిండీ, చాటూ రెండూ ఇస్తుంది. కోసిన చేలో అవి దూరం నుంచే కనిపిస్తాయి. అందువల్ల పంట నిలిచి ఉన్న రెండు మూడు నెలలు వేరే దారి, మిగిలిన కాలం పాత దారి అని కూడా పెట్టుకోవచ్చు.

నాలుగో దారి అదే రోడ్డు, అదే వేళ, కానీ వేరే పద్ధతి. నాకు దీని మీద మొగ్గు ఉందని దాచను, ఎందుకంటే మీరు కోల్పోయినదాన్ని ఇది ఒక్కటే పూర్తిగా తిరిగి ఇస్తుంది. అయితే దీని షరతులు కఠినమైనవి, ఒక్క రోజు కూడా సడలించడానికి వీలు లేనివి. ఇయర్‌ఫోన్లు ఇంట్లోనే ఉండాలి. లైటు ముందు రాత్రే ఛార్జింగ్ పెట్టాలి, వెలగని రోజున వెళ్ళడం మానుకోవాలి. లైటు ఉంటే జంతువుల కళ్ళు మెరుస్తాయి కదా అని చాలామంది అనుకుంటారు. జింకలకు, నక్కలకు, పిల్లులకు కంటి లోపల వెలుతురును తిప్పికొట్టే పొర ఉంటుంది కాబట్టి మెరుస్తాయి. పందులకు ఆ పొర లేదు. కాబట్టి కళ్ళ మెరుపు కోసం చూడకండి, రోడ్డు మీద కదిలే నల్లటి ఆకారం కోసం చూడండి. చూపు ఆనని ప్రతి మలుపుకు ముందు, తిరగడం మొదలుపెట్టకముందే, తిన్నగా ఉండగానే వేగం తగ్గించండి. మామూలుగా సైకిల్‌ను ఆపడంలో ముందు బ్రేకుదే ఎక్కువ పని. కానీ హ్యాండిల్ తిరిగి ఉండి, చక్రం కింద కంకర ఉన్నప్పుడు అదే బ్రేకు ముందు చక్రాన్ని జారుస్తుంది. మీరు పడింది బహుశా అలాగే. ఇద్దరున్నప్పుడు మలుపుల దగ్గర గట్టిగా మాట్లాడుకోండి. ఒక్కరే ఉన్నప్పుడు బెల్లు కొట్టండి, అదీ జంతువు కనిపించాక కాకుండా చాలా ముందే కొట్టండి. గాలి ఎదురుగా ఉన్న రోజున ఆ చప్పుడు రెట్టింపు చేయండి. ఇంకొక మాట, ఆ రోజు పెట్టుకున్న హెల్మెట్ నేలకు తగిలి ఉంటే, పైకి బాగానే కనిపిస్తున్నా దాన్ని మార్చేయాలి. లోపలి నురుగు ఒకసారి దెబ్బ తింటే రెండోసారి కాపాడలేదు.

ఇన్ని చేసినా ఏదో ఒక రోజు మళ్ళీ ఎదురుపడవచ్చు. అప్పుడు దూరంగానే ఆగి, రెండు కాళ్ళూ నేల మీద పెట్టి, నెమ్మదిగా దిగి, సైకిల్‌ను మీకూ దానికీ మధ్య అడ్డంగా ఉంచుకోండి. మామూలు గొంతుతో రెండు మాటలు మాట్లాడితే మీరు మనిషని దానికి తెలుస్తుంది. అది వెళ్ళాలనుకునే పక్కను మూసేయకండి. మెడ మీది వెంట్రుకలు నిక్కపొడుచుకోవడం, పళ్ళు టకటకలాడించడం, బుసకొట్టడం అన్నవి వెనక్కి వెళ్ళమని అది ఇచ్చే హెచ్చరికలు. అప్పుడు దాని వైపే చూస్తూ అడుగులో అడుగు వేసుకుంటూ వెనక్కి రండి. నిజంగానే మీదికి వస్తే చెట్టు, గోడ, ఎత్తైన గట్టు ఏది దగ్గరుంటే దాని పైకి చేరండి. తల్లి దాటింది కదా అని వెంటనే కదలకండి, పిల్లలు వెనుక వరుసగా వస్తాయి, ఒకటి రెండు ఆలస్యంగా వస్తాయి. మొదటి కొన్ని నెలలు వాటి ఒంటి మీద లేత చారలుంటాయి కాబట్టి ఎండు గడ్డిలో కనిపించవు. చివరిది దాటిందనుకున్నాక కూడా కాసేపు ఆగండి. ఆ రోజు అది బుసకొట్టిందని రాశారు చూడండి, హెచ్చరించింది, మీరు కదలలేదు, అది వెళ్ళిపోయింది. ఎముక విరిగిన బాధలో ఆ చివరి భాగం మీ మనసులో మరుగున పడిపోయింది.

మీ అబ్బాయి విషయం. వాడిని తీసుకువెళ్ళడంలో తప్పేమీ లేదు, ఒక్క షరతు మీద. మీ భయం పోగొట్టే కాపలాదారుగా వాడు రాకూడదు. మీరు వణుకుతున్నప్పుడు వాడు ధైర్యం నటించవలసి వస్తే, 14 ఏళ్ళ వయసులో ఆ నటన తొందరపాటుగా మారుతుంది. మీరు ఆ మలుపును ప్రశాంతంగా దాటగలిగిన తరువాత, మొదట పగటివేళ తీసుకువెళ్ళండి. ఏ జంతువు కనిపించినా ఆగడం, ఫోటో కోసం దగ్గరికి పోకపోవడం, తిండి వేయకపోవడం అన్న మూడు అలవాట్లు ముందే చెప్పండి. పాము రోడ్డు మీద ఉంటే కొన్ని మీటర్ల దూరంలో ఆగి అది వెళ్ళేదాకా నిలబడాలి. చక్రంతో దాటించబోతే అది చువ్వల్లో చిక్కుకోవచ్చు. పొద్దు గూకాక వెచ్చటి తారు మీద అవి పడుకుంటాయి కాబట్టి సాయంత్రాలు మరింత జాగ్రత్త. పాము కాటు వల్ల ప్రపంచవ్యాప్తంగా ఏటా 81,000 నుంచి 1,38,000 మంది దాకా చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో ఎక్కువమంది పల్లెల్లో ఉండేవారే. కాటు పడితే గడియారం, ఉంగరం తీసేసి, ఆ అవయవాన్ని కదలకుండా ఉంచి, కట్లు బిగించకుండా, కోయకుండా, విషానికి విరుగుడు మందు ఉన్న ఆస్పత్రికి నేరుగా చేరాలి. కుక్క గాని, నక్క గాని, మరే జంతువైనా గాని కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే టీకా గురించి డాక్టరును కలవాలి. రేబీస్ లక్షణాలు బయటపడ్డాక బతికించే వైద్యం దాదాపు లేదు.

ఇప్పుడు ఉచ్చుల సంగతి. దీనికి ఎక్కువ వ్యవధి లేదు కాబట్టి, సైకిల్ కన్నా ముందు ఇది జరగాలి. తీగ ఉచ్చుకు ఎవరు చిక్కుతున్నారో తెలియదు. కుక్క, దూడ, దారి తప్పి చేలోకి దిగిన పిల్లవాడు, ఎవరైనా చిక్కవచ్చు. తీగకు కరెంటు కలిపితే మనుషులే చనిపోతారు. చాలా దేశాల్లో అనుమతి లేకుండా ఇలా ఉచ్చులు పెట్టడం నేరం కూడా. మీరు మీ భర్తకు నిజం చెబితే కొంత కోపం వస్తుంది. రైతుల ముందు తన మాట పోయిందని ఆయన నొచ్చుకుంటారు. నాలుగు నెలలు దాచావా అని అడుగుతారు. చెప్పకపోతే, ఉచ్చులో ఆ తల్లి చిక్కిన రోజున ఆయన మీకు ఒక శుభవార్తలా ఆ సంగతి చెబుతారు, ఆ క్షణంలో మీ ముఖం ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఈ రెంటిలో ఏది భరించగలరో మీరే తేల్చుకోవాలి.

చెప్పదలచుకుంటే, పందిని వెనకేసుకు రావడంతో మొదలుపెట్టకండి. మీరు ఏం చేశారో దానితో మొదలుపెట్టండి. "ఆ రోజు నువ్వు అడిగినప్పుడు భయంతో అవునన్నాను, అది నా మీదికి రాలేదు, నా వేగం వల్ల పడ్డాను" అన్నంత చిన్న మాట చాలు. మీరు ఆయనను నువ్వంటారో మీరంటారో నాకు తెలియదు. మీ ఇంట్లో మాట్లాడుకునే తీరులోనే చెప్పండి. లైటు, వేగం, ఇయర్‌ఫోన్ల గురించి మీరు పెట్టుకుంటున్న నియమాలు ఆయనకు చూపించండి. ఆయన భయానికి కూడా నిజమైన సమాచారం ఆధారంగా మాట్లాడే హక్కు ఉంది. అంతా విన్నాక కూడా ఆయన ఒప్పుకోకపోవచ్చు, కానీ అప్పటి మీ వాదన నిజంగా మీ ఇద్దరి మధ్య వాదన అవుతుంది.

రైతుల దగ్గరికి వీలైతే ఇద్దరూ కలిసి వెళ్ళండి. వాళ్ళ నష్టం అబద్ధం కాదు. ఒక రాత్రిలో పందుల గుంపు చేను ఎలా తొక్కేస్తుందో వాళ్ళకు తెలిసినంత మనకు తెలియదు. పంటకు జరిగే నష్టం గురించి అటవీ అధికారులకు ఫిర్యాదు చేయడం వాళ్ళ హక్కు, దానికి మీరు అడ్డు చెప్పనక్కరలేదు. మనిషి మీద దాడి చేసిందన్న మాట మాత్రం దానికి తోడు కాకూడదు. దాన్ని వెనక్కి తీసుకోగలిగింది మీరే. అయినా ఉచ్చులు తీయకపోతే, ఎవరి పేరూ చెప్పకుండానే అటవీ కార్యాలయానికి తెలియజేసే వీలు మీకు ఉంది. ఇరుగుపొరుగుతో సంబంధం కొంత చెడవచ్చని తెలిసే ఆ అడుగు వేయండి. ఉచ్చులను స్వయంగా తీయబోకండి, వాటికి కరెంటు ఉందో లేదో బయటికి తెలియదు.

చివరగా ఆ గుండె దడ. ప్రమాదం జరిగిన చోట శరీరం బెదరడం అసహజం కాదు. కానీ కల్వర్టు దగ్గర వెనక్కి తిరిగిన ప్రతిసారీ వెంటనే ఒక ఊరట కలుగుతుంది కదా, ఆ ఊరటే వెనక్కి తిరగడం వల్ల బతికిపోయానని శరీరానికి నేర్పుతోంది. ఆరు వారాలుగా మీరు భయాన్ని ఎదుర్కొంటున్నానని అనుకుంటూ, మీకు తెలియకుండానే దానికి శిక్షణ ఇచ్చారు. దీన్ని తిప్పాలంటే అడుగు చిన్నదిగా ఉండాలి, ఆ అడుగులో దడ తగ్గేదాకా అక్కడే ఉండాలి. ఒకవేళ నిద్రలో ఆ దృశ్యం తిరిగి తిరిగి వస్తున్నా, చిన్న చప్పుడుకు ఉలిక్కిపడుతున్నా, రోజువారీ పనులు దెబ్బతింటున్నా, ఇప్పటికే నాలుగు నెలలైంది కాబట్టి మానసిక వైద్యులను కలవడానికి ఆలస్యం చేయకండి; ఇలాంటి భయానికి పద్ధతి ప్రకారం చేసే చికిత్స ఉంది, బాగా పనిచేస్తుంది.

ఉచ్చుల సంగతి తేలిన తరువాత, ఒక మధ్యాహ్నం, బాగా వెలుతురు ఉన్నప్పుడు, స్నేహితురాలితో కలిసి కల్వర్టు దాకా వెళ్ళండి. ఆమెకు కూడా అప్పటికి నిజం చెప్పి ఉంటారు కాబట్టి, తొందరపెట్టకుండా పక్కన కూర్చోమని మాత్రమే అడగండి. సైకిళ్ళను పిట్టగోడకు ఆనించి, పావుగంటో అరగంటో, అరచేతుల చెమట ఆరేదాకా కూర్చోండి. ఆ రోజుకు అంతే చేసి, దడ తగ్గిన తరువాతే ఇంటికి తిరిగి రండి. మరుసటి సారి మలుపు దాకా నడిచి వెళ్ళి, మీరు పడిన చోటు చూడండి, కంకర ఎంతమేర ఉందో, పొదల నుంచి రోడ్డు మీదికి జంతువుల అడుగుల బాట ఎక్కడ కలుస్తోందో గమనించండి. బ్రేకు ఎక్కడ మొదలుపెట్టాలో అక్కడే నిలబడి గుర్తు పెట్టుకోండి.